మాట తగిలిన మనిషికి నిద్ర ఎందుకు రాదు?

మాది తిరుత్తణి దగ్గర నేతపని చేసే ఇల్లు. పక్క గదిలో మరమగ్గాలు రాత్రంతా ఆడుతుంటే హాయిగా నిద్రపోతూ పెరిగాను. పెళ్లయి తిరువళ్లూరు వచ్చాక ఇల్లు రైలు పట్టాల పక్కనే. అరక్కోణం వైపు పోయే బండ్లు నన్నెప్పుడూ లేపలేదు. వీధి గేటు గడియ తీసిన చిన్న చప్పుడు మాత్రం ఉలిక్కిపడి లేచేలా చేసేది. ఆ చప్పుడు వెనకే మా ఆయన వస్తాడు. కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట మా అమ్మానాన్నల దాకా పోతుంది. కొన్నిసార్లు రోజుల తరబడి నాతో మాటే ఉండదు. చెయ్యి మాత్రం ఎత్తలేదు. అందుకే ఎవరితో చెప్పుకున్నా, "కొట్టలేదు కదా, సర్దుకోమ్మా" అనేవాళ్లు.

నిద్రలోనూ మెదడు చెవులు మూసుకోదు. ఏ చప్పుడును వదిలెయ్యాలో, దేనికి లేవాలో ఎంచుతూనే ఉంటుంది. రోజూ అవమానం, బెదిరింపు ఎదురయ్యే మనిషిలో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం అతిగా పనిచేస్తుంది. ఒంటిని అప్రమత్తం చేసే నోరడ్రినలిన్ రాత్రిపూట తగ్గాల్సినంత తగ్గకపోవచ్చు. గుండె దడ, బిగుసుకున్న దవడ, ఆలస్యంగా పట్టే నిద్ర, తెల్లవారుజామున మెలకువ దాని వల్ల రావచ్చు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర కూడా ముక్కలవుతుంది. పాత మాటలు, పాత దృశ్యాలు పీడకలలై తిరిగొస్తాయి. నిద్ర చాలని మెదడుకు మర్నాడు భయాన్ని అదుపు చేసే శక్తి తగ్గుతుంది. ఆ భయంతో మళ్లీ రాత్రి నిద్ర చెడుతుంది. పెద్దల తగవులు వింటూ పడుకునే పిల్లలకూ ఇదే జరగవచ్చు.

అమావాస్య నాడు అమ్మ నన్ను వీరరాఘవస్వామి గుడికి తీసుకెళ్లి, మొక్కు ప్రకారం కోనేట్లో బెల్లం కరిగించింది. ఆమె నా బాధను నమ్మింది. అదే నాకు మొదటి ఆసరా. తర్వాత ఆసుపత్రిలో మానసిక వైద్యురాలు అడిగింది: "ఇంట్లో ఎవరికైనా భయపడుతున్నావామ్మా?" నిద్ర గురించి మాట్లాడుతూ ఆ ప్రశ్న వేసినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు.

పుట్టింటికి వచ్చేశాను. అయినా వెంటనే నిద్ర రాలేదు. గేటు లేని చోట కూడా ఒళ్లు కాపలా కాస్తూనే ఉంది. ఆ అలవాటును మాన్పించడానికి నిద్రలేమికి ప్రత్యేకమైన ప్రవర్తన చికిత్స ఉంది. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. సుమారు ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే పక్క మీంచి లేచి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పడుకోవాలి. పీడకలకు వేరే పద్ధతి ఉంది: పగటిపూటే దానికి కొత్త ముగింపు రాసి, రోజూ మనసులో నెమరువేసుకోవాలి. నా కలలో ఇప్పుడు గేటు తెరిచేది మా అన్న, చేతిలో మల్లెపూల పొట్లంతో. నిద్రమాత్రలు డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. చాన్నాళ్లు వాడినవాటిని ఉన్నట్టుండి ఆపకూడదు.

ఇంకా అలాంటి ఇంట్లోనే ఉన్నవాళ్లకు ముందు కావలసింది రక్షణ. 2005 నాటి గృహహింస చట్టం తిట్లను, అవమానాలను, మానసిక వేధింపును కూడా హింసగానే లెక్కిస్తుంది. రక్షణాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. మహిళల సహాయానికి 181 ఉంది.

సాయం అడగడానికి భాష కూడా ముఖ్యమే. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. మా ఇళ్లలో తెలుగు మాత్రం అలాగే ఉంది. బజారులో తమిళం మాట్లాడతాను గానీ, ఏడుపు నాకు తెలుగులోనే వస్తుంది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ చెప్పుకోవచ్చు. వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా నిద్ర కరువైతే డాక్టరును తప్పక కలవాలి.

మీ ఇంటి ఆడబిడ్డ నిద్ర పట్టడం లేదంటే, ఏ మాత్ర వేసుకుంటున్నావని అడిగే ముందు, అత్తింట్లో నీతో ఎలా మాట్లాడుతున్నారని అడగండి. ఆమె చెప్పింది నమ్మండి.