హార్డ్ డిస్కు చెడిపోతోందా?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కావలసిన మార్క్‌షీట్లు, కాస్ట్ సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఇంటి కంప్యూటర్‌లో దాచుకునే పిల్లలు మన షోలాపూరు పూర్వభాగంలో ఎందరో ఉన్నారు. అవి ఉండేది హార్డ్ డిస్కులో. దానిలోని పళ్ళెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. (ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, చప్పుడూ ఉండదు.)

పవర్‌లూమ్ చప్పుడు మారితే మనవాళ్ళు చటుక్కున పట్టేస్తారు. డిస్కునూ అలాగే వినాలి. టక్‌టక్‌మని ఆగి ఆగి శబ్దం రావడం, చిన్న ఫైలుకే నిమిషాలు పట్టడం, నిన్న తెరుచుకున్న ఫైలు నేడు తెరుచుకోకపోవడం చెడ్డ గుర్తులు. వైరస్ వల్ల కూడా కంప్యూటర్ నెమ్మదిస్తుంది కనుక ఒక్క గుర్తుతో తేల్చేయకండి.

డిస్కు తన లోపాలను తానే పద్దు రాసుకుంటుంది. దీన్ని 'స్మార్ట్' అంటారు. బ్యాంకులో లెడ్జర్లు రాసినవాణ్ణి, నాకిది భలే నచ్చింది! క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఆ పద్దు చూపిస్తుంది. 'రీఅలొకేటెడ్', 'పెండింగ్' సెక్టార్ల లెక్క పెరుగుతూ ఉంటే ప్రమాదమే. పద్దు శుభ్రంగా ఉన్నా పూర్తి భరోసా లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన పరిశీలనలో, చెడిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా ఈ పద్దులో, వేడి లెక్క మినహా, ఏ లోపమూ చూపలేదు.

అనుమానం రాగానే ముందు సర్టిఫికెట్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, పరీక్షలు ఆ తర్వాతే. 'చెక్ డిస్క్' పూర్తి పరీక్ష డిస్కు మొత్తాన్ని చదివిస్తుంది; కుంటుతున్న డిస్కు ఆ శ్రమకే ఆగిపోవచ్చు. కేబుల్ వదులైనా కొన్నిసార్లు ఇవే గుర్తులు వస్తాయి. కాపీ అయ్యాక కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, కేబుల్ బిగించి చూడండి.