ఇసుక దిబ్బ మీద పూలు

అక్కలారా, సముద్రం ఒడ్డున ఏముంటాయి అని అడిగితే మనం ఏం చెబుతాం? నీళ్ళు, ఇసుక, పడవలు, వలలు అంటాం. పూలు ఉంటాయని ఎవరూ అనరు. విశాఖపట్నం జిల్లా భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి కదా. వాటి కింద ఒడ్డు వెంట ఒక గంట నడిచి చూడండి. వానలు పడ్డాక వెళ్ళాలి. పొద్దున్నే వెళ్ళాలి. పల్లేరు ముళ్ళు ఉంటాయి, చెప్పులు మరచిపోవద్దు.

అలలు తగిలే చోట ఏ మొక్కా ఉండదు. నాలుగు అడుగులు పైకి వస్తే బలబంద తీగ కనబడుతుంది. కొన్ని ఊళ్ళలో దీన్ని చెవులపిల్లి తీగ అంటారు. ఆకు మేక గిట్టలాగా రెండుగా చీలి ఉంటుంది. పువ్వు గరాటు ఆకారం, వంగపువ్వు రంగు. పొద్దున విచ్చుకుంటుంది. ఎండ ముదిరితే ముడుచుకుపోతుంది. అందుకే పొద్దున్నే వెళ్ళమన్నాను.

ఇసుకలో నీరు నిలవదు. గాలి నిండా ఉప్పు. మధ్యాహ్నం కాలు పెట్టలేనంత వేడి. మరి ఈ తీగ ఎలా బతుకుతోంది? ఆకు దళసరిగా, నున్నగా ఉంటుంది. లోపలి తడిని తొందరగా పోనివ్వదు. తీగ పాకిన కొద్దీ కణుపు కణుపుకీ వేళ్ళు వేస్తుంది. గింజ ఉప్పునీటిలో తేలుతూ పోయి, ఇంకో ఒడ్డున మొలుస్తుంది.

ఈ తీగ చేసే పెద్ద పని ఇంకొకటి ఉంది. గాలి ఇసుకను మోసుకొస్తుంది. ఆకులకు తగిలి గాలి జోరు తగ్గుతుంది. జోరు తగ్గగానే ఇసుక కింద పడుతుంది. తీగ ఆ ఇసుక పైకి మళ్ళీ పాకుతుంది. మళ్ళీ ఇసుక పడుతుంది. అలా ఏళ్ళ తరబడి పడి పడి దిబ్బ అవుతుంది. తుపాను వచ్చి సముద్రం పొంగితే ముందు ఆ దిబ్బే అడ్డం నిలుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్నే తాకింది. ఆ గాలి ఎలాంటిదో చూసినవాళ్ళకి నేను చెప్పనక్కరలేదు.

రావణాసురుడి మీసాలు కూడా ఇదే పని చేస్తాయి. గుచ్చుకునే గడ్డి అది. దాని ముళ్ళ బంతి గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. పిల్లలు దాని వెంట పరుగెడతారు. పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి!

ఇంకొంచెం పైకి వెళితే మొగలి పొదలు. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మనం జడలో పెట్టుకునే వాసన పువ్వు మగ చెట్టుది. ఆడ చెట్టు కాయ కాస్తుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లాకి వెళితే, ఈ పువ్వు నుంచి అత్తరు తీసి అమ్ముతారు.

దిబ్బల మీద బిళ్ళగన్నేరు కూడా తనంతట తానే మొలుస్తుంది. ఇది మడగాస్కర్ దీవి నుంచి వచ్చిన మొక్క. రక్తంలో వచ్చే క్యాన్సరుకి వాడే మందులు దీని నుంచే తీస్తారు. అలాగని ఆకు నలిపి షుగరుకి కషాయం తాగవద్దు. ఆ మొక్కలో విషం ఉంది. మందు ఎంత ఇవ్వాలో డాక్టరే చూసి ఇస్తారు.

“మాకు పూలు చూసే తీరిక ఏదమ్మా?” అని ఒక అక్క అడిగింది. న్యాయమే. అయితే మంచినీళ్ళ సంగతి వినండి. ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వితే తీపి నీళ్ళు పడతాయి. పక్కనే సముద్రం ఉంది, మరి తీపి నీళ్ళు ఎక్కడివి? దిబ్బ మీద పడ్డ వాన ఇసుకలోకి ఇంకుతుంది. వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక. అందుకని కింద ఉప్పునీరు, దాని పైన వాన నీరు నిలుస్తాయి. తీగ పీకేస్తే ఇసుక కొట్టుకుపోతుంది. ట్రాక్టర్లతో ఇసుక తోలుకుపోతే దిబ్బే పోతుంది. అప్పుడు చెలమలో ఉప్పునీరు పైకి వస్తుంది. బిందె పట్టుకుని దూరం నడిచేది ఆడవాళ్ళమే.

సముద్రం ఒడ్డును కాపాడే నిబంధనలు 1991లో వచ్చాయి. 2019 నిబంధనల్లో ఇసుక దిబ్బలను గట్టిగా కాపాడవలసిన వాటిలో చేర్చారు. ఎర్రమట్టి దిబ్బలనైతే 2014లో భూగర్భ శాస్త్ర సంస్థ వారు దేశానికి వారసత్వ సంపదగా గుర్తించారు.

దిబ్బ తవ్వుతుంటే తహసీల్దారుకి అర్జీ రాయవచ్చు. ఊరి పేరు, దిబ్బ ఎక్కడుందో, ఏ రోజు ఏ వేళ బండ్లు వచ్చాయో రాయాలి. బండి నంబరు చదవగలిగితే అదీ రాయాలి. కింద అందరం సంతకాలు పెట్టాలి. ఇచ్చిన చోట రెండో కాగితం మీద ముద్ర వేయించుకుని మన దగ్గర ఉంచుకోవాలి.