గుర్రపు పరుగు – నీలిముద్రల సాక్ష్యం

పరుగెత్తే గుర్రాన్ని చూడనివారుండరు. కాని ఆ పరుగులో దాని నాలుగు గిట్టలూ ఒకేసారి నేలను విడుస్తాయా అన్న ప్రశ్నకు కంటిచూపు సమాధానం చెప్పలేకపోయింది. పూర్వపు చిత్రకారులు ముందుకాళ్ళు ముందుకూ, వెనుకకాళ్ళు వెనుకకూ చాచి గాలిలో తేలుతున్నట్లు గుర్రాన్ని చిత్రించేవారు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో చిత్రించిన ఎప్సమ్ పందెపు గుర్రాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ సందేహాన్ని తీర్చిన ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టో వద్ద, లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అశ్వక్షేత్రంలో, ఆయన పరుగుబాట వెంబడి 27 అంగుళాల ఎడంతో 12 కెమెరాలను నిలిపాడు. బాటకు అడ్డంగా కట్టిన దారాలను గుర్రం తాకినకొద్దీ కెమెరాలు ఒకదాని వెంట ఒకటి పనిచేశాయి. గాజుపలకలపై పడినవి ఇంచుమించు నల్లని నీడలే. అయినను సత్యం తేటపడింది. నాలుగు గిట్టలూ నేలను విడుస్తాయి. కాని ఆ క్షణంలో కాళ్ళు చాచుకొని కాక, పొట్టక్రింద ముడుచుకొని ఉంటాయి.

మైబ్రిడ్జ్ 1884 నుండి 1886 వరకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈ కృషిని విస్తరించి, గుర్రాలతోపాటు మనుషుల, ఇతర జంతువుల కదలికలను కూడ చిత్రించాడు. ఆ ఫలితాలు 1887లో 781 ఫలకాలుగా వెలువడ్డాయి. వాటిని కొలోటైప్ పద్ధతిలో ముద్రించారు. ఇందులో గాజుపై పూసిన జెలటిన్ పొర వెలుగు సోకినచోట గట్టిపడి సిరాను గ్రహిస్తుంది. వెలుగు సోకనిచోట నీటిని పీల్చుకొని సిరాను నిరాకరిస్తుంది.

అచ్చుకు ముందు సరిచూచుకొనుటకు తీసిన ప్రతులు సయనోటైప్‌లు, అనగా నీలిముద్రలు. ఈ పద్ధతిని 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్నాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలను కలిపి కాగితానికి పూసి చీకటిలో ఆరబెట్టాలి. దానిపై నెగటివ్‌నుంచి ఎండలో పెట్టి, పిదప నీటితో కడిగితే వెలుగు సోకినచోట గాఢమైన నీలిరంగు నిలుస్తుంది. వెండి లవణాలతో పనిలేదు గనుక ఖర్చు స్వల్పం.

ఆ నీలిముద్రలు నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వాటిని అచ్చయిన ఫలకాలతో పోల్చి చూచినవారికి ఒక విశేషం తెలిసింది. ప్రచురణలో కొన్ని బొమ్మల అంచులు కత్తిరింపబడ్డాయి. కొన్నిటి వరుససంఖ్యలు మారాయి. లోపించిన బొమ్మల స్థానంలో వేరువి చేరాయి. కంటి భ్రమను తొలగించిన శాస్త్రజ్ఞుని గ్రంథంలోనే ఇట్టి సవరణలు చోటుచేసుకొన్నాయి. అయినను ఆయన నీలిముద్రలు మిగిలినందువల్లనే ఆ సవరణలు నేడు మనకు తెలియవచ్చాయి.

మన ప్రయోగశాలలలో కూడ చిత్తుపుస్తకం ఒకటి, అందంగా వ్రాసి సమర్పించే రికార్డు మరొకటి ఉంటాయి. సరిపడని కొలతను రికార్డులో సరిదిద్దాలనే కోరిక మనలో ఎవరికి కలుగలేదు? విద్యార్థి మిత్రులారా, చిత్తుపుస్తకాన్ని పారవేయకుందము. సత్యానికి సాక్ష్యం తరచు అందులోనే ఉంటుంది.