నడిసముద్రంలో మంత్రపు బిళ్ళ

పేదరాశి పెద్దమ్మ కథలలో ఒక మంత్రపు ఉంగరం వుండేది. వేలికి పెట్టుకుని ఏది తలిస్తే అది ఎదుట నిలిచేది. ఈనాడు కొన్ని విహార నౌకలలో ప్రయాణీకుల మెడలో అటువంటిదే ఒక బిళ్ళ వేలాడుతూ వుంటుంది. చూడబోతే నాణెమంత. దాన్ని ధరించినవారు తమ గది దగ్గరకు రాగానే తలుపు తాళం తనంతట తానే తెరుచుకుంటుంది. పైతట్టున ఈతకొలను ప్రక్కన కూర్చుని ఫోనులో ఒక గ్లాసు నిమ్మరసం అడిగితే, వడ్డించే కుర్రవాడు తిన్నగా వారి కుర్చీ దగ్గరికే తెచ్చి, పేరు పెట్టి పలకరించి మరీ ఇస్తాడు. పిల్లవాడు ఆడుకుంటూ ఎటో వెళ్ళిపోతే, తల్లి కంగారు పడనక్కరలేదు. ఏ అంతస్తులో వున్నాడో ఫోనులోని ఓడ పటమే చెబుతుంది.

మంత్రం కాదు, యంత్రం

ఈ బిళ్ళ పేరు ఓషన్ మెడాలియన్. కార్నివాల్ అనే పెద్ద నౌకా సంస్థ దీన్ని 2017 జనవరిలో లాస్ వేగాస్ నగరంలోని ప్రదర్శనలో లోకానికి చూపించింది. ఆ సంవత్సరమే నవంబరులో రీగల్ ప్రిన్సెస్ అనే ఓడలో వాడుకలోకి వచ్చింది. దీన్ని రూపొందించిన బృందానికి నాయకుడు జాన్ పాడ్జెట్. ఆయన అంతకు ముందు డిస్నీ సంస్థలో, వినోదశాలల సందర్శకుల చేతికి కట్టే ఇలాంటి పట్టీ తయారీలో పనిచేసినవాడు.

బిళ్ళకు మీట లేదు. ఛార్జి చేసే పనీ లేదు. లోపల రెండు చిన్న రేడియో పరికరాలు వున్నవి. ఒకటి తాకేటంత దగ్గరలో పనిచేస్తుంది. రెండవది "నేను ఫలానా సంఖ్యను" అని కొద్ది గజాల దూరం వరకు చాటుకుంటూ వుంటుంది. గోడలలోనూ, తలుపులలోనూ అమర్చిన గ్రాహకాలు ఆ పిలుపు విని ఓడలోని కంప్యూటరుకు చేరవేస్తాయి. మనిషి పేరూ, ఫోటో, లెక్కా పత్రం అన్నీ వుండేది కంప్యూటరులోనే. బిళ్ళ ఒట్టి ఆనవాలు మాత్రమే.

ఇటువంటి వింతలు ఇంకా వున్నవి. రాయల్ కరీబియన్ వారి క్వాంటమ్ ఆఫ్ ది సీస్ ఓడలో 2014 నుంచి మరచేతులు పానీయాలు కలిపి ఇస్తున్నవి. అదే ఏడు వారి మరొక ఓడలో, కిటికీలేని లోపలి గదుల గోడలకు పెద్ద తెరలు అమర్చి, బయటి సముద్రాన్ని ఉన్నదున్నట్లు చూపించారు. చవక గది తీసుకున్నవారికి కూడా సూర్యోదయం దక్కిందన్నమాట!

ఇదంతా విలాసమే అనుకోవద్దు. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడలో 7,600 మంది ప్రయాణీకులకు చోటున్నది. సిబ్బంది 2,350 మంది. కలిపితే పదివేలకు కొంచెం తక్కువ. నీళ్ళమీద తేలే ఒక చిన్న పట్టణం అది. ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో కాగితాల మీద లెక్కపెట్టడం ఇక అయ్యే పని కాదు.

నాటి తంతి వార్తలు

ఓడ ఎక్కిన మనిషికి ఒడ్డుతో మాట్లాడాలనే తహతహ కొత్తది కాదు. 1912లో టైటానిక్ ఓడమీద మార్కోనీ కంపెనీ వైర్‌లెస్ యంత్రం వుండేది. శ్రీమంతులైన ప్రయాణీకులు సరదాగా బంధువులకు శుభాకాంక్షలు పంపుకునేవారు. ఏప్రిల్ 14 రాత్రి ఆపరేటరు జాక్ ఫిలిప్స్, పేరుకుపోయిన ఆ వార్తలను కేప్ రేస్ కేంద్రానికి పంపే తొందరలో వున్నాడు. దగ్గరలోనే మంచుమధ్య ఆగిన కాలిఫోర్నియన్ అనే ఓడ హెచ్చరిక చెప్పబోతే, పనికి అడ్డు రావద్దని కసిరాడు. ఆ ఓడలో వున్న ఒకే ఒక్క ఆపరేటరు కాసేపటికి యంత్రం ఆపి పడుకున్నాడు. రాత్రి 11:40కి టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది. సుమారు 1,500 మంది ప్రాణాలు పోయినవి. బ్రతికిన ఏడువందల పైచిలుకు మందిని కాపాడినది కూడా ఆ వైర్‌లెస్సే. దాని పిలుపు విని కార్పేథియా ఓడ పరుగెత్తి వచ్చింది.

యంత్రం ఒకటే. సరదా వార్తనూ అదే మోసింది, ప్రాణం కాపాడే వార్తనూ అదే మోసింది. ఏది ముందో చెప్పవలసినవాడు మాత్రం మనిషి. ఆ తర్వాతనే, ఓడలలో రాత్రింబగళ్ళు వైర్‌లెస్ వినేవారు వుండాలనే నియమాలు వచ్చినవి.

దిగి వచ్చిన ఉపగ్రహాలు

నేటి ఓడలకు ఉపగ్రహాలే వైర్‌లెస్ స్తంభాలు. పాతవి భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున వుంటాయి. మాట అంత దూరం పోయి రావాలి కనుక ఆలస్యమూ, ఖర్చూ ఎక్కువ. 2014లో ఒయాసిస్ ఆఫ్ ది సీస్ ఓడ 8,000 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాలను వాడుకోసాగింది. 2022లో రాయల్ కరీబియన్ వారు తమ ఓడలన్నిటికీ స్టార్‌లింక్ ఏర్పాటు చేయ సంకల్పించారు. ఆ ఉపగ్రహాలు ఇంచుమించు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి.

దీనివల్ల మేలు పొందేది ప్రయాణీకులు మాత్రమే కాదు. వంటశాలలలో, గదుల శుభ్రతలో నెలల తరబడి పనిచేసే సిబ్బందిలో మనదేశపు యువకులు ఎందరో వున్నారు. వారికి ఇంటివారి ముఖం చూసి మాట్లాడడమంటే ఒక పండుగ. వీలైనంతవరకు నావికులకు ఇటువంటి సౌకర్యం కల్పించాలని అంతర్జాతీయ నావికుల ఒడంబడికలో 2022లో చేర్చిన సవరణ 2024 డిసెంబరులో అమలుకు వచ్చింది.

కసరత్తు కథ

2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా అనే విహార నౌక ఇటలీలోని జిల్యో దీవి దగ్గర రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. ఓడలో 4,200 మందికి పైగా వున్నారు. 32 మంది మరణించారు. ఆ సాయంత్రమే ఎక్కిన దాదాపు 700 మందికి, ప్రమాదంలో ఎక్కడ చేరాలో నేర్పే కసరత్తు ఇంకా జరగనేలేదు. అప్పటి నియమం ప్రకారం దానికి 24 గంటల గడువున్నది మరి! 2015 జనవరి 1 నుంచి ఆ గడువు పోయింది. ఓడ కదలకముందు గాని, కదిలిన వెంటనే గాని కసరత్తు జరిగి తీరాలి.

2020 నుంచి ఇందులోనూ యంత్రం ప్రవేశించింది. పాఠాన్ని ఫోనులోనో, గదిలోని టీవీలోనో చూసి, తమకు కేటాయించిన చోటికి స్వయంగా వెళ్ళి సిబ్బందికి కనపడితే హాజరు పడుతుంది. ఎండలో గంటసేపు నిలబడే బాధ తప్పింది. కాని పాఠాన్ని ఎంత శ్రద్ధగా చూశారో ఏ యంత్రమూ కనిపెట్టలేదు.

దారి తప్పిన నమ్మకం

యంత్రం అబద్ధం చెబితే ఏమవుతుంది? 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ఓడ బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరింది. స్థానం తెలిపే ఉపగ్రహ యంత్రపు తీగ ఒకటి పైన ఊడిపోయింది. యంత్రం ఆగలేదు. పాత వేగాన్నీ, దిక్కునూ బట్టి గుణించి, ఊహించిన స్థానాన్నే చూపిస్తూ పోయింది. ఆ సంగతి తెలిపే చిన్న అక్షరాలు తెరమీద వున్నా, ఒకటిన్నర రోజు దాకా ఎవరూ గమనించలేదు. కావలివాడు ఎదుట నీటి రంగు మారిందని చెప్పాడు. అధికారి విని ఊరుకున్నాడు. ఓడ 17 మైళ్ళు దారి తప్పి, నాంటకెట్ దీవి దగ్గర ఇసుకతిప్ప ఎక్కింది. లోపల వున్నవారు 1,509 మంది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బ తగలలేదు.

రహస్యం ఎవరి చేతిలో?

ఇంకొక చిక్కున్నది. అన్నీ తెలిసిన ఓడ దగ్గర మన గుట్టు కూడా వుంటుంది. 2019లో కార్నివాల్ సంస్థ ఉద్యోగుల ఈ-మెయిళ్ళలోకి దొంగలు చొరబడ్డారు. అమెరికాలో సుమారు 1,80,000 మంది వివరాలు బయటపడినవి. పాస్‌పోర్టు సంఖ్యలూ అందులో వున్నవి. 2022లో ఆ సంస్థ 46 రాష్ట్రాలకు 12,50,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది.

ఎక్కడో జరిగే ముచ్చట మనకెందుకు అనకండి. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక చెన్నై నుంచి విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ అటువంటి ఓడల కోసమే ప్రత్యేకంగా కట్టిన రేవుకు ప్రారంభోత్సవం జరిగింది. రేపు మనలో ఎవరైనా ఎక్కవచ్చు. ఎక్కినప్పుడు ఫోనులో వంటకాల జాబితా చూడడానికి ముందే ఆ రక్షణ పాఠం చూడండి. మీ పడవ ఏ వైపున వున్నదో పిల్లలను వెంటబెట్టుకుని నడిచి వెళ్ళి చూసి రండి. తలుపు తెరవడానికి బిళ్ళ చాలును. చీకట్లో దారి వెదకవలసి వస్తే, ఒకసారి నడిచిన కాళ్ళే దారి చూపుతాయి.