పూజాపుష్పములు – పర్యుషిత విచారము



ఇటీవల ప్రవచనానంతరము ఒక వృద్ధమాత నన్ను సమీపించి, “అయ్యగారూ! వారమునకొకసారి మాత్రమే అంగడికి పోగలను. ఫ్రిజ్‌లో దాచిన పూలతో పూజించిన పాపము కలుగునా?” అని కన్నీళ్లతో అడిగినది. ఈ సందేహము పెక్కుమందికి కలదు గనుక నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

నిన్న కోసిన పూవు పర్యుషితము. అది అర్చనకు తగదనుట సామాన్య నియమము. నియమము చెప్పిన పెద్దలే మినహాయింపులును చెప్పిరి. తులసీ బిల్వదళములకు ఈ దోషము లేదు. ద్వాదశినాడు తులసిని కోయరాదు గనుక ముందునాడే కోసి ఉంచుకొనుట శిష్టాచారము. మాలాకారుని గృహమందున్న పూలకును దోషము లేదనిరి. ఎందువలన? పూలు వాడకుండ కాపాడుటయే అతని వృత్తిధర్మము. కావున దోషము కాలమునందు మాత్రమే గాక మన అశ్రద్ధయందును ఉన్నదని నాకు తోచుచున్నది.

కోసిన పూవు వెంటనే నిర్జీవము కాదు. అది శ్వాసించుచునే యుండును. తనలోని చక్కెరను వ్యయపరచుచు, నీటిని ఆవిరిగా కోల్పోవుచుండును. ఎండవేడిమి ఈ రెంటిని త్వరపరచును. అందుచేత పూలను తెల్లవారుజాముననే కోయవలెను. మల్లెలను విచ్చకముందు, మొగ్గలుగా నున్నప్పుడే కోయవలెను. కోసిన పూలను నీడయందు, అరటియాకులోనో తడిపి పిండిన శుభ్రమైన వస్త్రములోనో ఉంచవలెను. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినచో లోపల చెమర్చి కుళ్లిపోవును.

ఫ్రిజ్‌లో ఉంచువారు పూలపై నీటిబొట్లు లేకుండ చూచి, మూతగల ప్రత్యేక పాత్రలో ఉంచవలెను. ఎంగిలి పదార్థములు, ఉల్లిపాయలు దరిచేరరాదు. మరియొక సంగతి. పూలను, నైవేద్యపు పండ్లను ఒకే బుట్టలో పెట్టుట మనకు అలవాటు. పండుచున్న అరటి, మామిడి, ఆపిల్ పండ్లనుండి ఎథిలీన్ అను వాయువు వెలువడును. అది అనేక పుష్పములను త్వరగా వాడజేయును. కావున రెంటిని వేరుగా ఉంచుడు.

మండపాలంకారమునకు గులాబీలను, లిల్లీ కంకులను నీటిపాత్రలో నిలుపునప్పుడు, కాడ చివర ఒక అంగుళము పదునైన కత్తితో ఏటవాలుగా కోయవలెను. నీటిలో మునుగు ఆకులను తీసివేయవలెను. అవి కుళ్లిన నీట సూక్ష్మజీవులు పెరిగి, కాడలోని నాళములను పూడ్చివేయును. చుట్టును నీరున్నను పూవు దాహముతో వాడును. అందుచేత ప్రతిదినము పాత్రను తోమి నీరు మార్చవలెను. ఈ పూలు అలంకారమునకే. అర్చనకు వేరుగా ఉంచుకొనవలెను.

ఎంత కాపాడినను రంగు మారినవి, వాసన చెడినవి, పురుగు తొలిచినవి స్వామికి సమర్పింపరాదు.

ఆ తల్లికి నేను చెప్పినది ఇది: “అమ్మా! రెండు మూడు దినములకు సరిపడు పూలే కొని జాగ్రత్త చేసికొనుము. తక్కిన దినములకు ఇంట ఒక తులసికుండీ పెంచుము. గీతయందు భగవానుడు పత్రమును, జలమును గూడ పుష్పముతోపాటు చెప్పియున్నాడు. పూవు లేదని పూజ మానకుము, భయముతో పూజింపకుము.”

స్వస్తి.