పరిమిత వ్యయంతో తపాలా బిళ్ళల సేకరణ

తపాలా బిళ్ళల సేకరణకు తక్కువ సొమ్ము కేటాయించగలవారు పక్షులు, రైళ్ళు, తెలుగు ప్రముఖులు వంటి ఏదో ఒక అంశానికి పరిమితం కావడం మేలు. భారత తపాలా శాఖ కొత్త స్మారక బిళ్ళలను ఫిలాటెలిక్ బ్యూరోలలో వాటిపై ముద్రించిన వెలకే విక్రయిస్తుంది. అవే బిళ్ళలకు తరువాత వర్తకులు అధిక ధర అడగవచ్చు.

'''ఎంపిక'''

* పాత బిళ్ళలలో ముద్ర పడినవి సాధారణంగా చౌక. అయితే చిరుగులు, పల్చబడిన కాగితం, విరిగిన అంచు పళ్ళు ఉన్నవాటిని విడిచిపెట్టాలి.
* 1948 ఆగష్టు 15న నాలుగు గాంధీ బిళ్ళలు వెలువడ్డాయి. వీటిలో ముద్ర పడిన ఒకటిన్నర అణాల బిళ్ళ విద్యార్థులకు అందుబాటులో ఉంటుంది. పది రూపాయల బిళ్ళ ఖరీదైనది, దానికి నకిలీలు కూడా ఉన్నాయి. కనుక నిపుణుల పరిశీలన లేకుండా కొనరాదు.
* బంధుమిత్రులకు వచ్చిన ఉత్తరాల కవర్ల నుండి ఖర్చు లేకుండానే బిళ్ళలు సేకరించవచ్చు.