మందను తోలే జడల కుక్క

హంగరీ తూర్పున ఉన్న హోర్తోబాజ్ గడ్డి మైదానంలో కనుచూపు మేర చెట్టూ గుట్టా కనిపించవు. మెలి తిరిగిన నిలువు కొమ్ముల రాట్స్కా గొర్రెలు మేస్తుంటాయి. ఒక గొర్రె మంద నుంచి పక్కకు జరిగిందో లేదో, నల్లటి జడల కుక్క మొరుగుతూ వచ్చి దానికి అడ్డం తిరుగుతుంది. అదే పూలి.

రాత్రిళ్లు తోడేళ్ల నుంచీ, దొంగల నుంచీ మందను కాచే పని తెల్లటి, బరువైన కొమొండోర్ జాతి కుక్కది. పగలు మందను తోలే పని పూలిది. బాగా ఎదిగిన మగ పూలి కూడా పదిహేను కిలోల దగ్గరే ఆగుతుంది. ఆ చిన్న ఒళ్లే దాని చురుకుతనానికి మూలం. ఇతర జాతులతో కలిసిపోయి కనుమరుగవుతున్న దశలో, 1912 నుంచి బుడాపెస్ట్ పశువైద్య ఆచార్యుడు ఎమిల్ రైచిచ్ పట్టుబట్టి ఈ జాతిని నిలబెట్టారు.

ఆ జడలు ఎవరూ అల్లినవి కావు. లోపలి మెత్తటి ఉన్నీ, పైనున్న గరుకు వెంట్రుకలూ వాటంతట అవే పెనవేసుకుంటాయి. పిల్లకు తొమ్మిది నెలలు వచ్చేసరికి ఇది మొదలవుతుంది, యజమానికి పనీ అప్పుడే మొదలు. దువ్వెన పక్కన పెట్టి, ఒక్కో పాయనూ చర్మం దాకా వేళ్లతో విడదీయాలి. బద్ధకిస్తే పాయలన్నీ కలిసి అట్టకడతాయి, చర్మానికి గాలి ఆడదు. జడలు నేలను తాకడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

స్నానం మరో పెద్ద పని. షాంపూ నీళ్లలో కలిపి జడల్లోకి అద్దుతూ పిండాలి, రుద్దకూడదు. నురగ ఏమాత్రం మిగలకుండా కడిగి, తువ్వాళ్లతో జడ జడనూ ఒత్తి, ఫ్యాన్ ముందు కూర్చోబెట్టాలి. పూర్తిగా ఆరడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, ఆ వాసన ఇక వదలదు. చెవుల్లోపల, కాలి వేళ్ల సందుల్లో గడ్డి గింజలూ పిడుదులూ దాక్కుంటాయి కనుక అక్కడ తరచూ వెతకాలి.

నన్నడిగితే, జడల కంటే దాని బుర్రను చూసుకోవడమే కష్టం. తరాలుగా మందను అదుపు చేసిన తెలివి అది. పని లేకపోతే ఇంట్లో పిల్లలనే మంద అనుకుని తోలుతుంది, గుమ్మం దాటిన ప్రతి అడుగుకీ మొరుగుతుంది. రోజూ పరుగూ, కొత్త ఆటా, ఓపికగా నేర్పే మనిషీ దానికి కావాలి.

ఫేస్‌బుక్ వ్యవస్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ 2011లో తెచ్చుకున్న తెల్ల పూలి ‘బీస్ట్’ ఫొటోలు చూసి చాలామంది మనసు పడ్డారు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉంటూ పూలిని పెంచుకోవాలనుకునే తెలుగువారికి ఒక మాట: జడలు తప్పనిసరి కాదు. హంగరీ కాపరులే గొర్రెలతో పాటు పూలి బొచ్చునూ కత్తిరించేవారు. తీరిక లేకపోతే మీరూ పొట్టిగా కత్తిరించండి. మన కోస్తా ఉక్కపోతలో మాత్రం ముచ్చట కోసం తెచ్చుకోకండి. ఇక్కడ తడిసిన జడలు ఆరవు, ఆ బాధ పడేది కుక్కే.